కాలువ కట్టేసిన రోజులు

మా ఊళ్ళో ఏ వస్తువు కాలువలో పడిపోయినా పెద్దవాళ్ళు ఒకే మాట అనేవారు. "పోనీలే, కాలువ కట్టేసినప్పుడు దొరుకుతుంది." కట్టేయడమంటే ఎండాకాలంలో పై నుంచి నీళ్ళు ఆపేయడం. ముక్కుపుడక జారిపోయినా అదే మాట, బిందె మునిగిపోయినా అదే మాట. చిన్నప్పుడు నేను ఆ మాటని పూర్తిగా నమ్మాను. మన వస్తువుల్ని కాలువ ఎక్కడో దాచిపెట్టి, ఎండాకాలం రాగానే తిరిగి ఇచ్చేస్తుందని అనుకునేదాన్ని.

మాది పశ్చిమ గోదావరి జిల్లాలో, భీమవరం దాటి సముద్రం వైపు వెళ్తే వచ్చే శివారు ఊరు. శివారు అంటే ఏమిటో డెల్టాలో పుట్టినవాళ్ళకి చెప్పక్కర్లేదు. ధవళేశ్వరం ఆనకట్టకి పడమటి కొసన విజ్జేశ్వరం ఉంది. అక్కడ తలుపులెత్తితే నీళ్ళు పాయలుగా చీలి, లాకులు దాటి, దారిలో ఉన్న ప్రతి ఊరి పొలమూ తడిపి, అందరికీ చాలాక అప్పుడు మా దగ్గరికి వచ్చేవి. పై ఊళ్ళలో నారుమళ్ళు పచ్చబడిపోయినా మా దుక్కుల్లో ఇంకా దుమ్ము లేస్తుండేది. 1852లో కాటన్ దొర కట్టించిన పాత ఆనకట్టకి బదులు 1982 నాటికి కొత్త బ్యారేజీ వచ్చింది కానీ, తాతయ్య మాత్రం చివరిదాకా "ఆనకట్ట" అనే అనేవారు. కాటన్ దొరని భగీరథుడని తలుచుకునే శ్లోకం ఒకటి మా పంతులుగారు స్నాన సంకల్పంలో చదివేవారు. ఆ దొర కూడా మన దేవుళ్ళలో ఒకడేమో అని నాకు చాలా రోజులు అనుమానంగా ఉండేది.

ఇంటికీ కాలువకీ మధ్య ఒక కొబ్బరితోట, ఒక బండి దారి. అంతే దూరం. తెల్లవారుజామున రేవులో బట్టలు బాదే చప్పుడుకే మెలకువ వచ్చేది. గేదెల రేవు వేరు, మనుషుల రేవు వేరు. నడుముకి రెండు ఎండుకొబ్బరికాయలు జతకట్టి నాన్న నాకు ఈత నేర్పింది ఆ రేవులోనే. తాగే నీళ్ళు మంచినీళ్ళ చెరువునుంచి కావిడి మీద వచ్చేవి, ఆ చెరువు నింపేదీ కాలువే. వానాకాలంలో నీళ్ళు ఎర్రగా, చిక్కగా ఉండేవి. కుండ లోపలి గోడకి చిల్లగింజ అరగదీసి వదిలేస్తే పొద్దుటికి మట్టంతా అడుక్కి దిగి, పైన తేటనీరు నిలిచేది. ఆ నీళ్ళ రుచి ఇప్పటికీ నా నాలుకకి తెలుసు. హైదరాబాద్‌లో ముప్ఫై ఏళ్ళుగా రకరకాల ఫిల్టర్ల నీళ్ళు తాగుతున్నాను కానీ, మట్టి దిగిన నీళ్ళకుండే ఆ చల్లని తీపి ఎక్కడా తగల్లేదు.

మా మామ్మ, అంటే నాన్న వాళ్ళమ్మ, ఆ ఊరికి కోడలిగా పడవలో వచ్చింది. ఆమె పుట్టిల్లు కాలువకి ఎగువన, తణుకు వైపు. అప్పట్లో ధాన్యం, పెంకులు, పెళ్ళివారు అన్నీ పడవల మీదే. గట్టు మీద నడుస్తూ మనుషులు తాడు పట్టి లాగుతుంటే పడవ వచ్చేదట. "రాత్రంతా పడవలోనే. నేనూ, సారె సామానూ, మా మేనత్తా. తెల్లారి కళ్ళు తెరిస్తే ఈ రేవు" అని చెప్పేది. ఆ సారెలో వచ్చిందే ఇత్తడి చెంబు. దాని మెడ చుట్టూ మామ్మ పేరు, మా ఇంటిపేరు చుక్కలు చుక్కలుగా కొట్టించి ఉండేవి. కాలువ నీళ్ళని మామ్మ "మా పుట్టింటి నీళ్ళు" అనేది. నిన్న వాళ్ళ రేవు దాటిన నీళ్ళు ఇవాళ మన రేవుకి వచ్చాయట. అందుకే నీళ్ళు తగ్గినా, పెరిగినా, రంగు మారినా ఇంట్లో అందరికంటే ముందు ఆమెకే తెలిసేది.

ఆ చెంబుని పారేసింది నేను.

అది 1983. నాకు తొమ్మిదేళ్ళు. కార్తీకమాసం వెళ్ళిన మర్నాడు, పోలి పాడ్యమి. తెల్లవారుజామున నాలుగింటికి మామ్మ, అమ్మ, పిన్ని, వీధిలో ఆడవాళ్ళందరూ రేవుకి చేరారు. చలి. నీళ్ళ మీద పొగలా మంచు. అరటిదొప్పల్లో ముప్ఫై వత్తులు వెలిగించి, ఒక్కొక్కళ్ళూ మెట్లు దిగి, దొప్పని నీళ్ళలో పెట్టి, వెనకనుంచి మెల్లగా అలలు తోస్తుంటే దీపాలు వరసగా కదిలి వెళ్ళేవి. ఎవరి దీపం ఎంత దూరం వెళ్తే వాళ్ళకి అంత మంచిదని అనేవారు. నా దొప్ప సరిగా కుదరలేదు. రెండు మూరలు వెళ్ళిందో లేదో ఒరిగిపోయి చుయ్యిమని ఆరిపోయింది. పక్కింటి పిల్ల దీపం అప్పటికే వంతెన దాకా పోయింది. ఏడుపొచ్చింది. పక్కన మెట్టు మీద మామ్మ చెంబు కనిపించింది. ఇత్తడిది కాబట్టి ఒరగదనిపించింది. నెయ్యిలో నానిన వత్తులు రెండు మిగిలి ఉంటే చెంబు అడుగున వేసి, వెలిగించి, నీళ్ళ మీద పెట్టేశాను.

అది మునగలేదు. నెమ్మదిగా ఊగుతూ, తనలో తను గుండ్రంగా తిరుగుతూ వెళ్ళింది. దీపం కనపడేది కాదు, చెంబు నోట్లోంచి ఎర్రటి వెలుగు మాత్రం పైకి వచ్చేది. దొప్పలన్నిటినీ దాటుకుంటూ, వంతెన కింద చీకట్లోకి పోయి, అవతల మళ్ళీ ఒక్క క్షణం మెరిసి మలుపు తిరిగిపోయింది. అప్పటికి గాని నాకు తెలిసిరాలేదు ఏం చేశానో.

"చెంబేదే?" అంది మామ్మ ఇంటికి బయల్దేరేటప్పుడు.

"ఏమో మామ్మా, నేను చూడలేదు."

రేవు మెట్లన్నీ చేత్తో తడిమింది పాపం. చీకట్లో ఎవరి కాలో తగిలి నీళ్ళలో పడి ఉంటుందన్నారు. మామ్మ అదే మాట అంది, "పోనీలే, కాలువ కట్టేసినప్పుడు దొరుకుతుంది." కానీ ఎప్పటిలా తేలిగ్గా అనలేదు. ఆ గొంతు నాకు అర్థమైంది. నేను చెప్పింది తమ్ముడికి ఒక్కడికే. వాడికి ఆరేళ్ళు. చెప్పనని ఒట్టు పెట్టాడు, నిజంగానే ఎవరికీ చెప్పలేదు.

అలా ఆ శీతాకాలం అంతా నేను కాలువ కట్టేసే రోజు కోసం ఎదురుచూశాను. సార్వా, అంటే వానాకాలం వరి, కోతలు అయ్యాయి. సంక్రాంతి వచ్చింది, వెళ్ళింది. దాళ్వా, అంటే రెండో పంట, నాట్లు పడ్డాయి. మార్టేరు వరి పరిశోధన కేంద్రం నుంచి వచ్చిన స్వర్ణ వంగడం అప్పుడప్పుడే సార్వాకి మా వైపు పాకుతోంది. అరుగు మీద తాతయ్య వాళ్ళ మాటలన్నీ దాని గింజ గురించీ, దిగుబడి గురించీ. ఫిబ్రవరి దాటిందంటే మాటలు నీళ్ళ మీదికి మళ్ళేవి. గోదావరి చిక్కిపోయేది, ఎగువన కొండల్లో ఉన్న సీలేరు జలాశయాల నుంచి నీళ్ళు వదిలితే తప్ప దాళ్వా చేలు బతికేవి కావు. "సీలేరు నీళ్ళు వదిలారట" అని ఎవరో సైకిల్ మీద వెళ్తూ అరిచి చెప్పేవారు. శివారుకి వంతుల మీద నీళ్ళు. మా వంతు అర్ధరాత్రి వస్తే నాన్న లాంతరు పట్టుకుని బోదె, అంటే పొలానికి నీళ్ళు తెచ్చే పిల్లకాలువ, గట్టు మీద కాపలా పడుకునేవారు. పై రైతు రాత్రిపూట మట్టి అడ్డం వేసి తన చేలోకి తిప్పుకుంటాడని భయం. ఇవి తలుచుకుంటే నాన్న మీద జాలేస్తుంది. అప్పట్లో మాత్రం నా మనసంతా చెంబు మీదే ఉండేది.

ఏప్రిల్ సగం దాటాక దాళ్వా పంట గట్టెక్కేది. మంచినీళ్ళ చెరువు నిండుగా నింపేసేవారు, జూన్ దాకా ఊరంతటికీ ఆ నీళ్ళే. తర్వాత ఒకరోజు పొద్దున రేవు చివరి మెట్టు బయటపడి ఉండేది, మర్నాటికి దాని కింద నాచు పట్టిన రాయి. "కాలువ కట్టేశారండీ, ఆయ్" అని పాలేరు వచ్చి చెప్పేవాడు. పై నుంచి నీళ్ళు ఆపేసి లాకుల రిపేర్లు, గట్ల పనులు, పూడిక తీయడం అన్నీ ఆ నెలన్నరలోనే చేసుకోవాలి.

నీళ్ళు పూర్తిగా ఇంకకముందు మడుగులుగా నిలిచేవి. ఆ రెండు మూడు రోజులూ ఊళ్ళో ఎవరూ ఇంట్లో ఉండేవారు కాదు. మగవాళ్ళు ఊతలు తీసుకుని మడుగుల్లో దిగి, బుడగ కనపడిన చోటల్లా అడుగుకి ఆనేలా వేసి, పై కన్నంలోంచి చెయ్యి పెట్టి తడిమేవారు. కొరమీను దొరికితే గట్టు మీదనుంచి కేకలు. మేం పిల్లలం మోకాలి లోతు బురదలో వట్టి చేతులతో పట్టేవాళ్ళం. మట్టగిడస అరచేతిలోంచి సబ్బులా జారిపోయేది. జెల్ల ముల్లు గుచ్చుకుంటే మోచేతి దాకా జివ్వుమనేది. బొమ్మిడాయిలు, పరిగెలు తట్టలకెత్తేవారు. ఆ వారం ప్రతి ఇంట్లోనూ మామిడికాయ వేసిన చేపల పులుసే. వీధి ఈ చివర నుంచి ఆ చివరకి ఆ ఒక్క వాసనే వచ్చేది. పట్టలేని ముసలివాళ్ళ ఇళ్ళకి, విధవరాళ్ళ ఇళ్ళకి ఎవరో ఒకరు ఓ గిన్నెడు చేపలు గుమ్మంలో పెట్టి వెళ్ళేవారు. ఎవరు పెట్టారని ఎవరూ అడిగేవారు కాదు.

చేపల హడావిడి అయ్యాక వస్తువుల వెతుకులాట మొదలయ్యేది. బురద పైన పొర ఎండి పెచ్చులుగా లేచేది. కింద ఇంకా మెత్తగా, చల్లగా ఉండేది. రేవు దగ్గర కాలివేళ్ళతో తడుముతుంటే గ్లాసులు, గరిటెలు, అంచులు వంకర తిరిగిన పది పైసల బిళ్ళలు, పూజ ప్రమిదలు దొరికేవి. ఒకసారి వెండి మట్టె దొరికింది. ఎవరికి ఏది దొరికినా రామాలయం అరుగు మీద పెట్టాలి, పోగొట్టుకున్నవాళ్ళు వచ్చి గుర్తుపట్టి తీసుకెళ్ళాలి. ఎవరిదీ కానిది గుడికే. ఈ పద్ధతి ఎవరు పెట్టారో తెలియదు. ఆ అరుగు మీద నుంచి మాత్రం ఒక్క చెంచా కూడా తప్పిపోగా నేను చూడలేదు.

నేనూ తమ్ముడూ రేవు దగ్గర వెతకలేదు. చెంబు అక్కడ లేదని మాకే కదా తెలుసు. వంతెన దాటి, మలుపు దాటి, పొరుగూరి తాడితోపు దాకా కాలువలో నడిచాం. నాలుగు రోజులు. నెత్తిన ఎండ, కాళ్ళ కింద కాలిపోయే ఇసుక. గట్లు రెండు వైపులా ఎత్తుగా ఉంటే, కాలువ అడుగు నుంచి చూసినప్పుడు ఊరు ఎంత వింతగా కనిపించేదో. కొబ్బరిచెట్లు ఆకాశంలోంచి వేలాడినట్టుండేవి. తమ్ముడు దాహం అంటే తాటిముంజలు కొట్టేవాళ్ళ దగ్గర రెండు కాయలు అడిగి బొటనవేలితో తీసుకుని తిన్నాం. చెంబు దొరకలేదు. పూడిక తీసేవాళ్ళు వచ్చేశారు, తట్టలతో ఒండ్రు గట్టు మీదికి పోస్తున్నారు. ఇక అయిపోయిందనుకున్నాను.

మే నెలలో ఓ మధ్యాహ్నం లస్కరు సైకిల్ మా ఇంటి ముందు ఆగింది. లస్కరంటే కాలువ మీద తూములు చూసుకునే మనిషి. గట్టు మీద ప్రతి ఊరూ, ప్రతి ఇల్లూ ఆయనకి తెలుసు. హ్యాండిల్‌కి తగిలించిన సంచిలోంచి పచ్చగా చిలుము పట్టిన చెంబు తీసి, "మామ్మగారూ, ఇది మీదేనాండి? పేరు చూసి తెచ్చానండి" అన్నాడు. ఊరికి మూడు మైళ్ళ కింద తూము ముందు పేరుకున్న గుర్రపుడెక్క, తూడు పీకుతుంటే అందులో చిక్కుకుని కనపడిందట. ఓ పక్క సొట్ట పడింది, అంతే.

మామ్మ చెంబుని రెండు చేతుల్లోకి తీసుకుని పేరు మీద బొటనవేలితో రుద్దింది. లస్కరుకి మజ్జిగ ఇచ్చి, ఉన్న మామిడికాయలు సంచి నిండా పోసింది. "రేవులో పడింది మూడు మైళ్ళు ఎలా పోయిందర్రా, ఇత్తడి చెంబు మునగదా" అని సాయంత్రం దాకా అదే మాట. అందరికీ అదే ఆశ్చర్యం. నాకు అన్నం దిగలేదు. రాత్రి వాకిట్లో మంచం మీద మామ్మ పక్కన పడుకుని, ఆమె కొంగు మొహం మీద కప్పుకుని మొత్తం చెప్పేశాను.

కాసేపు ఏమీ మాట్లాడలేదు మామ్మ. తర్వాత, "వంతెన దాటేదాకా వెలుగుతూనే ఉందా?" అంది.

"ఉంది మామ్మా. మలుపు తిరిగే దాకా కనపడింది."

"అందరి దీపాల కంటే ముందు పోయిందా?"

"అన్నిటినీ దాటేసింది."

"మరి ఆ మాట ముందే చెప్పొద్దుటే, పిచ్చిదానా" అని నా తల నిమిరింది. మర్నాడు చింతపండు పెట్టి చెంబుని తళతళలాడేలా తోమింది. సొట్ట తీయించమని తాతయ్య ఎంత చెప్పినా ఒప్పుకోలేదు. ఆ తర్వాత ప్రతి పోలి పాడ్యమికీ రేవులో కొత్తగా ఎవరు కనిపించినా, "మా మనవరాలి దీపం మూడు మైళ్ళు వెళ్ళింది తెలుసా" అని చెప్పేది. నాకు పెళ్ళీడు వచ్చాక కూడా చెప్పేది.

ఇక నీళ్ళు వచ్చే రోజు. జూన్‌లో విజ్జేశ్వరం దగ్గర నీళ్ళు వదిలారని రేడియోలో ప్రాంతీయ వార్తల్లో వినగానే పిల్లల లెక్కలు మొదలు. ఇవాళ ఎక్కడిదాకా వచ్చి ఉంటాయి, రేపు ఎక్కడ. మూడో రోజుకో నాలుగో రోజుకో మేమంతా వంతెన పిట్టగోడ ఎక్కి కూర్చునేవాళ్ళం. ముందు కొంగలు కనిపించేవి, కాలువ వెంబడే తక్కువ ఎత్తులో ఎగురుతూ. తర్వాత ఒక చప్పుడు, ఎండుటాకుల మీద ఎవరో నడుస్తున్నట్టు. మలుపులోంచి నీళ్ళ నాలుక బయటికి వచ్చేది. జానెడు ఎత్తు కూడా ఉండేది కాదు. ముందు మురికి నురగ, పుల్లలు, తాటిపీచు, ఎండు పేడ. వాటి ముందు గెంతుకుంటూ కప్పలు, మిడతలు, ఎక్కడినుంచో ఓ నీటిపాము. ఎండి నెర్రెలిచ్చిన మట్టిలోకి నీళ్ళు దిగుతుంటే బుస్సుమని గాలి బుడగలు పైకి వచ్చేవి. ఆ క్షణంలో లేచే మట్టివాసన వానవాసన కాదు, దానికంటే బరువుగా ఉండేది. చిన్నపిల్లలు కాలువలో దిగి నీళ్ళ కంటే ముందు పరిగెత్తేవారు. మేం నీళ్ళ పక్కనే గట్టు మీద పరిగెత్తి ఊరి చివరి దాకా సాగనంపి వచ్చేవాళ్ళం.

మామ్మ మాత్రం ఆరోజు కాలువ దగ్గరికి వచ్చేది కాదు. మూడు రోజులు ఆగేది. "మొదటి నీళ్ళు కాలువ తాగుతుంది. దాన్ని తాగనివ్వాలి" అనేది. మూడో రోజు పసుపు కుంకుమ తీసుకుని రేవుకి వెళ్ళి, నీళ్ళకి దణ్ణం పెట్టి, చెంబుతో ముంచుకొచ్చి తులసికోటలో పోసేది. ఆ తర్వాతే ఇంట్లో వాడకానికి.

1986 ఆగస్టులో వచ్చిన వరదలో మాత్రం గోదావరి అంటే మొదటిసారి భయపడ్డాను. ధవళేశ్వరం దగ్గర మూడో ప్రమాద హెచ్చరిక 17.75 అడుగుల దగ్గర ఇస్తారు, ఆసారి నీళ్ళు అది కూడా దాటిపోయాయి. 35 లక్షల క్యూసెక్కుల పైన. చాలాచోట్ల ఏటిగట్లు తెగాయి. మా ఊరికి నది రాలేదు కానీ, రాత్రంతా రేడియో చుట్టూ కూర్చున్న పెద్దవాళ్ళ మొహాలు గుర్తున్నాయి. పుట్టింటివాళ్ళ కబురు తెలిసేదాకా మామ్మ ముద్ద ముట్టలేదు.

తర్వాత పదేళ్ళలో ఊరు మారిపోయింది. వరిచేలు ఒక్కొక్కటే చేపల చెరువులయ్యాయి. డబ్బులొచ్చాయి, కాదనను. మా ఇంటి మీద స్లాబు పడిందీ, నేను డిగ్రీ చదివిందీ ఆ చెరువు కౌలుతోనే. కానీ చెరువుల నీళ్ళు మళ్ళీ కాలువలోకే వచ్చేవి. రేవులో స్నానం చేస్తే దురదలు. ఆడవాళ్ళు రావడం మానేశారు. చిల్లగింజలు ఏ డబ్బాలో పోయాయో, నీళ్ళ టిన్నులొచ్చాయి. ఇప్పటికీ ఎండాకాలంలో కాలువ కడతారు. బురదలో దొరికేవి ప్లాస్టిక్ సీసాలు, గుట్కా కవర్లు. రామాలయం అరుగు గ్రానైట్ వేసి బాగు చేశారు. దాని మీద ఎవరూ ఏమీ పెట్టరు.

మామ్మ 1997 మే నెలలో పోయింది. కాలువ ఖాళీగా ఉంది. అస్థికలు కొవ్వూరులో గోదావరి ఒడ్డున ఉన్న గోష్పాద రేవులో కలిపి వచ్చారు నాన్న. ఏమీ మాట్లాడకుండా పెద్దకర్మ జరిపించారు, చుట్టాల్ని సాగనంపారు, మామ్మ మంచం మడిచి అటక మీద పెట్టారు. నేను ఆ నెలంతా ఊళ్ళోనే ఉన్నాను.

జూన్‌లో నీళ్ళు వదిలారన్న కబురు వచ్చింది. నాలుగో రోజు సాయంత్రం నాన్న చొక్కా వేసుకుని వంతెన వైపు నడిచారు. చిన్నప్పటినుంచి నేను చూసినంతలో ఆయన ఎప్పుడూ నీళ్ళ కోసం అక్కడ నిలబడింది లేదు, చేలో పని ఉండేది. నేను వెనకాలే వెళ్ళాను. ఆయన చేతిలో సొట్ట చెంబు ఉంది. పిట్టగోడ మీద కూర్చున్న పిల్లలు జరిగి ఆయనకి చోటిచ్చారు.

"కొవ్వూరు విజ్జేశ్వరానికి పైనే కదమ్మా" అన్నారు కాలువ కేసే చూస్తూ.

"పైనే నాన్నా."

ఇంకేమీ అనలేదు. చీకటి పడుతుండగా కొంగలు వచ్చాయి, తర్వాత చప్పుడు. నీళ్ళు వంతెన కిందికి రాగానే నాన్న రేవు మెట్లు దిగారు. మూడు రోజులు ఆగలేదు. నురగా పుల్లలూ పక్కకి తోసి, మొదటి నీళ్ళలోనే చెంబు ముంచారు. ఆ బురదనీళ్ళు తొణక్కుండా రెండు చేతులతో పట్టుకుని కొబ్బరితోట దాటి ఇంటికి తెచ్చి, తులసికోటలో పోశారు.